పాలు పొంగని గదులు

మా ఇటుక బట్టీకి ఒరిస్సా కూలీలు రావడం మొదలైన కొత్తలో సర్కారుతో మాకు పనేమీ ఉండేది కాదు. దీపావళి వెళ్ళాక వాళ్ళ మేస్త్రీ అక్కడి నుంచి తన మనుషులను వెంటేసుకుని బయల్దేరేవాడు. భద్రాచలం దాకా ఒక బస్సు, గోదావరి దాటాక ఇంకో బస్సు. మూటలు, గిన్నెలు, కోళ్ళు, పిల్లలతో ఏన్కూరు దారిలో మా పొలం దగ్గర దిగేవాళ్ళు. మా వైపు మనుషులకు ఆ రోజుల్లో పత్తి ఏరడం, మిరప కోతలు చేతినిండా ఉండేవి. గూడేలవాళ్ళకు అడవి ఉండేది. మట్టి తొక్కి, అచ్చు కొట్టి, ఎండలో బట్టీ పేర్చే పనికి ఎవరినడిగినా మొహం తిప్పుకునేవాళ్ళు. అందుకని ఆ ఒరిస్సావాళ్ళు వస్తేనే మాకు బట్టీ, లేకపోతే లేదు.

వాళ్ళు దిగిన రోజే పచ్చి ఇటుకలు ఒకదాని మీద ఒకటి పేర్చి, పైన గడ్డి కప్పి, వంగి దూరేంత సందు వదిలి గుడిసెలు కట్టుకునేవాళ్ళు. ఎండలు ముదిరి ఇళ్ళకు పోయేముందు ఆ గుడిసెల ఇటుకలు కూడా బట్టీలోకే వెళ్ళేవి. ఒక్క ఇటుక వృథా అయ్యేది కాదు. నాకు ఆ పద్ధతి బాగానే అనిపించేది.

ఎనభైల చివర్లో కాబోలు, లేబరాఫీసు నుంచి కబురొచ్చింది. పరాయి రాష్ట్రం నుంచి కూలీలను తెచ్చుకునేవాళ్ళు ముందుగా అర్జీ పెట్టుకుని రిజిస్ట్రేషన్ చేయించుకోవాలట. చట్టం వచ్చి చాలా కాలమే అయిందట, మా దాకా రావడానికి అంతకాలం పట్టింది. మా ఆయన ఖమ్మం వెళ్ళి సాయంత్రం బస్సుకు తిరిగొచ్చాడు. కాళ్ళు కూడా కడుక్కోకుండా అరుగు మీద కూలబడ్డాడు.

"ఏమన్నరు?" అని అడిగాను.

"వచ్చి చూస్తరంట."

"ఏం చూస్తరు? ఇటుకలా?"

"ఇటుకలు కాదంట. మనల్ని."

పేరు రాయించుకోవడమంటే బడిలో పేరు రాయించినట్టని నేను అనుకున్నాను. పేరు చెప్తే ఆయనెవరో రాసుకుంటాడు, అయిపోతుంది. అలా కాదట. ఆఫీసరు స్వయంగా వచ్చి, ఈ మనిషి పరాయి ఊరి మనుషులను తెచ్చుకోవడానికి తగినవాడా కాదా అని తేలుస్తాడట. వాళ్ళు పడుకోవడానికి గదులుండాలి, తాగే నీళ్ళుండాలి, ఆడవాళ్ళకు వేరుగా మరుగుదొడ్డి ఉండాలి, మందుల పెట్టె ఉండాలి. అంతకుముందు మా దగ్గర పనిచేసినవాళ్ళు వచ్చి మేమెలాంటివాళ్ళమో ఆయనకు చెప్పాలి. అంతా బాగుందనిపిస్తే కాగితం ఇస్తారు. ఆ కాగితం లేకుండా ఒక్క మనిషిని దించినా బట్టీ మూయిస్తామన్నారట.

మట్టి తోలించి కుప్ప పోసి ఉంది. ఊక బస్తాలు కొని పెట్టాం. పైగా మా మేస్త్రీ కోసం ఇంకో బట్టీ ఆసామి అప్పటికే మనిషిని తిప్పుతున్నాడని తెలిసింది. దసరా లోపల కాగితం రాకపోతే మా వాళ్ళు అటు పోతారు. ఒకసారి పోయిన జట్టు మళ్ళీ రాదు. బట్టీ ఆరిపోతే మాకు మిగిలేది చవుడు పట్టిన మెట్ట చెలక మాత్రమే.

అందుకని ఆ వేసవిలోనే గదులు మొదలుపెట్టాం. ఇటుకకు కొదవలేదు గదా. బట్టీకి అవతల వరసగా పన్నెండు గదులు, పైన బెంగుళూరు పెంకులు. గోడలు లేచేదాకా నాకూ మా అత్తగారికీ పేచీ రాలేదు. గుమ్మాల దగ్గర వచ్చింది.

మా అత్తగారిది కృష్ణా జిల్లా. మా మామగారు ఈ అడవి అంచున భూములు కొని వచ్చినప్పుడు ఆమె కూడా వచ్చింది. మాట మాత్రం అక్కడిదే, పట్టింపులూ అక్కడివే.

"తలుపుకు గడప దేనికి అత్తయ్యా? చెక్క నేలకు ఆనిస్తే సాలదా? కర్ర దండుగ" అన్నాను.

"గడప లేకపోతే అది ఇల్లెట్టా అవుద్దే? గొడ్లపాక అవుద్ది. ఆడోళ్ళు, పసిబిడ్డలు పడుకునే చోటు. వేపకర్రతో పెట్టించు."

"సర్కారోళ్ళు గడప అడగలే."

"సర్కారోళ్ళకేం తెలుసే ఇళ్ళ సంగతి? ఊరూరా బదిలీ మీద తిరిగేవాళ్ళు."

ఆమెతో వాదించి గెలిచినవాళ్ళు మా ఇంట్లో లేరు. పన్నెండు గుమ్మాలకు పన్నెండు వేప గడపలు వచ్చాయి. ఆ వయసులో వంగి వంగి వాటికి పసుపు పూసి బొట్లు పెట్టింది కూడా ఆమే.

వానల వల్ల పని సాగి సాగి శ్రావణం చివరికి గానీ తలుపులు బిగించడం అవలేదు. అప్పటికి మంచిరోజులు అయిపోయాయి. పంతులు గారు వేళ్ళు లెక్కపెట్టి, రేపటి నుంచి భాద్రపదం, శూన్యమాసం, కొత్త ఇంట్లో పాలు పొంగించకూడదు అని చెప్పి వెళ్ళిపోయారు. మా అత్తగారు ఆ మధ్యాహ్నమే పన్నెండు గదులకూ తాళాలు వేసి, తాళంచెవుల గుత్తి నడుముకు దోపుకుంది. పాలు పొంగకుండా ఎవరూ గడప దాటకూడదు.

"అంతదాక తాపీవాళ్ళు లోపల తిరగలేదా?" అన్నాడు మా ఆయన.

"అప్పుడది ఇల్లు కాదురా. తలుపు పెట్టి, గడపకి బొట్టు పెట్టాక ఇల్లయింది."

మేస్త్రీ, వాళ్ళావిడ తమ ఊళ్ళో కొత్త బియ్యం పండగ చేసుకుని, మా ఆయన పంపిన కబురందుకుని వచ్చారు. ఆఫీసరుతో మాట్లాడటానికి వాళ్ళనే పిలిపించుకున్నాం. మేస్త్రీ మాట తక్కువ మనిషి. అడిగితే తల ఊపుతాడు, రెండోసారి అడిగితే ఇంకో వైపు ఊపుతాడు. ఆవిడ అలా కాదు. ఎన్నో ఏళ్ళుగా బట్టీల మీద తిరిగి తెలుగు బాగానే పట్టింది. నాతో సమానంగా తిట్టగలదు, నాకంటే గట్టిగా నవ్వగలదు. వాళ్ళిద్దరూ కూడా కొత్త గదుల్లో కాకుండా మా వసారాలోనే పడుకున్నారు. ఆవిడ రోజూ పొద్దున ఆ వరస ముందు నుంచి నడిచి, తలుపు సందుల్లోంచి లోపలికి చూసుకుని వచ్చేది.

ఆఫీసరు చెప్పకుండా వచ్చాడు. ముసురు పట్టిన రోజు. స్కూటరు మా బండ్ల బాటలో దిగబడితే వదిలేసి, ప్యాంటు మోకాళ్ళ దాకా మడుచుకుని, ఫైలు ప్లాస్టిక్ సంచిలో పెట్టుకుని నడిచి వచ్చాడు. బక్కపలచటి మనిషి, నడివయసు. వరంగల్ వైపు మాట. మా అత్తగారు అతని అవతారం చూసి జాలిపడి, చెంబుతో మంచినీళ్ళు, వెనకే టీ పంపించింది.

"వద్దు పెద్దమ్మా. ఆర్డర్ రాసేదాక అర్జీదారు ఇంట్ల మంచినీళ్ళు గూడ ముట్టద్దు నేను" అని సంచిలోంచి తన సీసా తీసుకున్నాడు.

"గుమ్మంలోకొచ్చి నీళ్ళు తాగనంటావా? ఇదేం పద్ధతి నాయనా?"

"సర్కారు పద్ధతి."

సరాసరి బోరింగు దగ్గరికి నడిచాడు. తనే కొట్టి, దోసిలి పట్టి, వాసన చూసి, తాగి, పుక్కిలించి ఉమ్మి, మళ్ళీ తాగాడు.

మా అత్తగారు ఊరుకోలేదు. "ఇందాక తాగనన్నాడుగా ఈ అబ్బాయి?"

"అవి మీ ఇంటి నీళ్ళు. ఇవి కూలీల నీళ్ళు. ఇది డ్యూటీ పెద్దమ్మా."

మరుగుదొడ్లు చూశాడు. తలుపుకు లోపలి వైపు గొళ్ళెం ఉందో లేదో తను లోపలికి వెళ్ళి వేసుకుని చూశాడు. బయటకొచ్చి మా ఇంటి వైపు చూస్తూ, "మీది ఏ వైపున్నది?" అని మా ఆయనను అడిగాడు.

"మాకెందుకు నాయనా, ఇన్ని చేలు పెట్టుకుని?" అంది మా అత్తగారు.

"మీరు గూడ ఒకటి కట్టించుకోండ్రి. యజమానులకు ఉండాలని చట్టంల లేదు గానీ, మంచిదే" అని చాలా గంభీరంగా అన్నాడు. పక్కనున్న మేస్త్రీ భార్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నేను ఆమెను ఒక చూపు చూశాను. లాభం లేకపోయింది.

మందుల పెట్టె నేనే తెచ్చి చూపించాను. దూది, గుడ్డపట్టీలు, అయొడిన్ ఉన్నాయి. నేను చేర్చిన పసుపుకొమ్ములు, వాము పొట్లం కూడా ఉన్నాయి.

"ఇవి లిస్టుల లేవు."

"కడుపునొప్పి లిస్టు సూసుకుని వస్తదా సార్?"

ఆయన నవ్వలేదు. ఏదో రాసుకున్నాడు. వాము ఉందని రాశాడో, నోరుందని రాశాడో ఇప్పటికీ తెలియదు.

అప్పుడు గదుల వైపు తిరిగాడు. వరసంతా చూసి, మెచ్చుకున్నట్టే తల ఊపి, "తలుపులు తియ్యండ్రి" అన్నాడు.

మా ఆయన తల్లి వైపు చూశాడు. ఆమె చెవుల గుత్తి మీద చెయ్యి వేసుకుని మొదటి గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"తియ్యకూడదు నాయనా. శూన్యమాసం. పాలు పొంగలేదు."

"పెద్దమ్మా, నేను కాపురానికి రాలే. ఇట్ల చూసి అట్ల పోత."

"చూడటానికైనా గడప దాటాలిగా? కార్తీకంలో రా. నేనే దగ్గరుండి చూపిస్తాను."

ఆఫీసరు మొహం మారింది. ఫైలు మూశాడు. "చూడు పెద్దాయనా," అన్నాడు మా ఆయనతో, "పోయినేడు ఒక బట్టీకి పోయిన. గిట్లనే వరసగ తలుపులు, రంగులేసి, నంబర్లేసి ఉన్నయి. తలుపు తియ్యమంటే తాళంచెవి పోయిందన్నరు. పగలగొట్టిపిచ్చిన. వెనక గదే లేదు. ఒక్క గోడకే తలుపులు పెట్టిండ్రు. తలుపు తీస్తే ఎదురుంగ బర్రె నిలవడి నా దిక్కు చూస్తాంది."

మేస్త్రీ భార్య ఈసారి కొంగు కూడా అడ్డం పెట్టుకోలేదు.

"మా దగ్గర అట్లాంటిది లేదు సార్. ఎనక్కి పోయి సూడండి, గోడలున్నయి" అన్నాడు మా ఆయన.

"గోడలు కనవడుతున్నయి. లోపల నేలున్నదా, గుంతున్నదా? ఊక బస్తాలు నింపి పెట్టిండ్రా? తాళం వేసిన తలుపు చూసి వసతి ఉన్నదని నేనెట్ల రాయాలె? 'లోపల చూపించలేదు' అని రాస్త. అట్ల రాస్తే మీ అర్జీ అక్కడికే ఆగిపోతది."

మా ఆయన తల్లి దగ్గరికి నడిచాడు. "అమ్మా, తాళం తియ్యి. దసరా దగ్గర పడ్డది. కాగితం రాకపోతే బట్టీ లేదు."

"బట్టీ నీది. కడుపున పుట్టిన పిల్లలు వాళ్ళ పిల్లలు. శూన్యమాసంలో గడప తొక్కిన ఇంట్లో రేపు ఏ పసిబిడ్డకైనా జబ్బు చేస్తే ఎవరు చెప్తారు సమాధానం? నువ్వా? ఈ అబ్బాయా?"

ఆమెది మొండితనమని అప్పటిదాకా అనుకుంటున్న నేను ఆ మాటకు ఆగాను. కూలీల గదులని, ఎలా ఉన్నా సర్లెమ్మని ఆమె అనుకోలేదు. మా సొంత ఇంటికి ఎంత పట్టింపో వీటికీ అంతే. కానీ ఆ పట్టింపే మా వాళ్ళను ఇంకో బట్టీకి తోలేట్టుంది. ఆఫీసరు కలం మూత తీశాడు. ఇంక ఆలస్యం చేస్తే రాసేస్తాడు.

"సార్, గడప దాటకుండ లోపల సూస్తే సాలుతదా?" అన్నాను.

"ఎట్ల చూడాలె?"

"నాలుగు పెంకులు తీపిస్త. నిచ్చెనెక్కి పైనుంచి సూడండి."

అందరూ మా అత్తగారి వైపు చూశాం. ఆమె ఆలోచించింది. "పైనుంచి అయితే దోషం లేదు," అంది చివరికి. "ఎండ పడట్లేదా, గాలి పోవట్లేదా? అబ్బాయి కళ్ళూ అంతే. కాలు మాత్రం లోపల పెట్టకూడదు."

ఆఫీసరు తన జీవితంలో ఎన్ని బట్టీలు చూశాడో గాని, నిచ్చెన ఎక్కి చూసింది మాదొక్కటేనేమో. మేస్త్రీ ముందు ఎక్కి పెంకులు జాగ్రత్తగా తీసి పక్కన పెట్టాడు. వెనక ఆఫీసరు ఎక్కాడు. మా ఆయన నిచ్చెన పట్టుకున్నాడు. మా అత్తగారు కింద నిలబడి అజమాయిషీ చేసింది.

"కాలు లోపలికి పెట్టకు నాయనా!"

"ఏడ పెడత పెద్దమ్మా? రెండు కాళ్ళు నిచ్చెన మీదనే ఉన్నయి."

"చెయ్యి కూడా!"

కొలత టేపు కొసకు రాయి కట్టి లోపలికి వదిలాడు. రాయి నేలకు తగిలి టక్కుమంది. అది మంచి చప్పుడు, గుంత లేదని అందరికీ తెలిసింది. మెడ వంచి కిటికీ చూశాడు, అలమర చూశాడు, మూలలు చూశాడు. దిగి నిచ్చెన పక్క గదికి మార్చమన్నాడు.

"అన్నీ ఒక్కటే సార్. ఒకటి సూస్తే సాలదా?" అన్నాను. పెంకులు నా పెంకులు గదా.

"బర్రె ఏ గదిల ఉంటదో ఎవరికెరుక అమ్మా?"

ముసురులో తడుస్తూ వరస చివరిదాకా ఎక్కి దిగాడు. మధ్యలో ఒక పెంకు జారి పగిలింది. ఎవరి మోచెయ్యి తగిలిందో నేను చూశాను. ఏమీ అనలేదు. అర్జీ పెట్టుకున్నవాళ్ళం.

దిగాక తల తుడుచుకుని, ఇంక కూలీలతో మాట్లాడాలి, మీరెవరూ దగ్గర ఉండకూడదు అన్నాడు. మేస్త్రీని, వాళ్ళావిడను ఊక కుప్ప అవతలికి తీసుకెళ్ళాడు. మేము వసారాలో కూర్చున్నాం. మాటలు వినబడవు, మనుషులు కనబడతారు. మేస్త్రీ తల ఊపుతున్నాడు. ఆవిడ మాత్రం చేతులు తిప్పుతోంది. ఒకసారి నా వైపు వేలు చూపించింది. తర్వాత నడుం మీద చెయ్యి పెట్టుకుని, మెడ ముందుకు చాచి, ఎవరినో తరుముతున్నట్టు అటూ ఇటూ నడిచింది. అది నా నడకే. మా ఆయన కూడా గుర్తుపట్టాడు.

"అయిపోయింది. నీ నోరు ఇయ్యాల మనల్ని ముంచుద్ది" అన్నాడు.

"నేనేం జేసిన? పని సెడగొడితేనే గదా తిట్టేది?"

"తిట్టేటోళ్ళకు కాగితం ఇస్తరో ఇయ్యరో."

మా అత్తగారు చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ, "నేను తిట్టి తిట్టి దీనికి పని నేర్పాను. నన్ను ఏ కాగితమూ అడగలేదు ఎవరూ" అంది.

ఆఫీసరు తిరిగొచ్చి నా ముందు నిలబడ్డాడు.

"అమ్మా, మీరు మస్తు తిడతరట."

"అవ్ సార్. అచ్చు వంకర పోతే తిడత. పిల్లల్ని నీళ్ళ గుంత కాడ ఒదిలితే తిడత. ముద్దు పెట్టుకోమంటరా?"

"సీజన్ నడుమ ఇంటికి పోతమంటే పోనిస్తరా అని అడిగిన వాళ్ళను. ఆమె చెప్పింది. ఆమె బిడ్డకు కాన్పు కష్టమయిందని కబురొస్తే బట్టీ సగంల ఉండంగ పోయిండ్రట గదా?"

"పోయిన్రు. మట్టి తొక్కి పెట్టి ఉన్నది, అట్లనే ఎండి గడ్డకట్టింది."

"మీరు మూట కడుతూ తిట్టిండ్రట. బస్సు దాక నడుచుకుంట తిట్టిండ్రట. టికెట్టు పైసలిచ్చి తిట్టిండ్రట. బస్సు కదిలినంక గూడ తిట్టు ఆగలేదట."

"టికెట్టు పైసలు నేనియ్యలే. ఈయన ఇచ్చిండు" అన్నాను. లేని గొప్ప నాకెందుకు?

ఆఫీసరు మా ఆయనను చూసి, మళ్ళీ నన్ను చూశాడు. "ఇంత తిట్టే బట్టీకి మళ్ళ ఎందుకొచ్చినవని అడిగిన. ఏమన్నదో తెలుసా? ఇంకో బట్టీల బాగా తియ్యగ మాట్లాడతరట. పోతమంటే మాత్రం గేటుకు తాళమేస్తరట. ఈ అమ్మ తిడతది, తాళం వెయ్యదు అన్నది."

ఊక కుప్ప దగ్గరి నుంచి ఆవిడ మా వైపే చూస్తోంది.

"ఇక్కడ గూడ తాళాలున్నయి గదా అన్న నేను. ఉన్నయి సారూ, గానీ మమ్ముల లోపల పెట్టి ఏసిన తాళాలు కావు, ముసలమ్మ బయటి నుంచి ఏసుకున్నది అన్నది." ఫైలు సంచిలో పెట్టుకుంటూ కాస్త నెమ్మదిగా అన్నాడు. "ఇంతసేపు నేను చూసేది అదే అమ్మా. గదులు, దొడ్లు, మందులు అన్నీ చూస్త, రాస్త. కానీ తాళం ఏ దిక్కు నుంచి వేస్తరు, దాని లోపల ఎవరుంటరు అన్నది పక్కాగ తెలుసుకోవాలె."

"అయితే కాగితం వస్తదా సార్?"

"రిపోర్టు పెడత. సంతకం పైన సారుది" అని మళ్ళీ ప్యాంటు మడుచుకుని బురదలో దిగాడు. మా ఆయన, మేస్త్రీ స్కూటరును బాట దాకా తోసి వచ్చారు.

ఆ తర్వాత రోజులు నాకు ఇష్టం లేని రోజులు. చేతిలో పని ఉంది, చెయ్యడానికి వీల్లేదు. మా ఆయన రెండు రోజులకోసారి ఖమ్మం వెళ్ళి వచ్చేవాడు. సారు లేడనేవారు, ఉంటే మీటింగనేవారు. ఇటు ఆ ఇంకో బట్టీ ఆసామి మనిషి ఏకంగా మా పొలం దాకా వచ్చేశాడు. తెల్లచొక్కా, నోట్లో పాన్. బోరింగు గట్టు మీద కూర్చుని మేస్త్రీతో చాలా మెత్తగా మాట్లాడాడు.

"అన్నా, ఈళ్ళకు కాగితం రాదు. వచ్చినా దసరా దాటుద్ది. మా ఆసామికి ఎప్పుడో వచ్చింది. లారీ పంపిస్తం, మీవాళ్ళందర్నీ ఎక్కించుకో."

మేస్త్రీ తల ఊపాడు. ఎటు ఊపాడో అర్థం కాలేదు.

ఆ సాయంత్రం ఆవిడే నా దగ్గరికొచ్చి కూర్చుంది. నేను బియ్యం ఏరుతున్నాను. తనూ చాటలోకి చెయ్యి పెట్టింది.

"అమ్మా, కాగితం వస్తదా?"

"నాకేమెరుక? నేను రాసిత్తనా?"

"మా ఊర్ల అందరు అడుగుతుండ్రు. ఎటు పోవాలె అని. బతుకమ్మ పండగ మొదలయ్యేదాక చూస్తం అమ్మా. రాకపోతే లారీ ఎక్కుతం. పిల్లలున్నరు, ఖాళీగ ఉంటే ఎట్ల?"

"నేను ఆపుతనా?"

"ఆపవని తెలుసు. తిట్టు మాత్రం తిడతవు."

"ఆ తెల్లసొక్కాయన మంచిగనే మాట్లాడుతుండు గదా, పో."

"మంచిగ మాట్లాడుతుండు. అదే భయం" అని నవ్వింది. నేనూ నవ్వాను. నవ్వి, ఏరుతున్న రాయిని బియ్యంలోనే పడేసుకున్నాను.

పెత్రమాస నాడు, అంటే బతుకమ్మ మొదలయ్యే అమావాస్య రోజున, మా ఊరి ఆడపిల్లలు తంగేడు పూలు కోసుకుని బుట్టల్లో మోసుకెళ్తుండగా మా ఆయన బస్సు దిగాడు. దూరం నుంచే చెయ్యెత్తి ఊపాడు. చేతిలో కాగితం ఉంది. సర్కారు ముద్ర, ఎర్ర సిరాలో సంతకం. దాంతో పాటు ఒక షరతు: కూలీలు దిగేలోపల, గదుల్లోకి పొగ పోకుండా వంటకు వేరుగా పందిరి వెయ్యాలి. చూరు పెంకులు సరిచేయించాలి అని కూడా రాసి ఉంది.

"పగలగొట్టింది ఆయన, సరిచేసేది మనమా?" అన్నాను.

"నోరు ముయ్యవే. దణ్ణం పెట్టుకో" అన్నాడు మా ఆయన. అంత సంతోషంలో ఆయన నన్ను తిట్టడం అరుదు.

మేస్త్రీ, వాళ్ళావిడ మర్నాడే తమ మనుషులను తీసుకురావడానికి బస్సెక్కారు. తెల్లచొక్కా మనిషి లారీ వేరే ఊరికి పోయింది.

కార్తీకంలో పంతులు గారు చెప్పిన రోజుకు ముందు రోజు వాళ్ళంతా దిగారు. ఆ రోజు వసారాలో, చెట్ల కింద, ఎక్కడ చూసినా మనుషులే. మా అత్తగారు తాళాలు తియ్యనే లేదు. తెల్లవారి ముహూర్తానికి ఇంకో పేచీ వచ్చింది. మొదటి గడప ముందు ఒక్క గిన్నె పాలు పొంగిస్తే వరసంతటికీ సరిపోతుందని నేనన్నాను.

"ఎన్ని గడపలున్నాయే?"

"గడపలు మీరే పెట్టిచ్చిన్రు అత్తయ్యా!"

"అందుకే అడుగుతున్నా. ఒక్కో గడప ఒక్కో ఇల్లు."

పన్నెండు ఇళ్ళకు పాలు. మా గేదెలు ఎన్ని ఇస్తాయి? పొంగి నేలపాలయ్యే పాలకు నా ప్రాణం ఒప్పలేదు. పొయ్యిల మీదికి వెళ్ళేముందు బిందెలో నీళ్ళు కలిపాను. నీళ్ళ పాలైనా పొంగడం పొంగుతాయి. మొదటి గిన్నె ఎంతసేపటికీ పొంగకపోతే మా అత్తగారు వేలు ముంచి నాలుకకు రాసుకుని నా వైపు చూసింది. పొయ్యిలో ఇంకో కట్టె తోసింది. పాలు తూర్పుకే పొంగాయి. వరసంతా ఆడవాళ్ళ కేకలు, పిల్లల కేకలు. ఒకళ్ళ పొయ్యిలో నిప్పు ఇంకొకళ్ళు తీసుకుని ఒక్కో తలుపూ తెరుచుకుని లోపలికి వెళ్ళారు. మేస్త్రీ భార్య మూటలు దించకముందే గది నాలుగు మూలలూ తిరిగి, గోడను అరచేత్తో కొట్టి చూసింది.

మర్నాటి నుంచి మట్టి తొక్కడం మొదలైంది. నేను అచ్చుల దగ్గర, నీళ్ళ దగ్గర నా పనిలో పడ్డాను. వారం తిరిగాక, అచ్చు చెక్క ఒకటి కనబడకపోతే అడుగుదామని మేస్త్రీ గది దగ్గరికి వెళ్ళాను. గోడకు మేకు కొట్టి గంపలు తగిలించారు. కిటికీలో అద్దం పెట్టుకున్నారు. నేల అంతా పేడతో అలికి, అంచున తెల్లటి ముగ్గు పెట్టి ఉంది, ఇంకా పచ్చిగానే ఉంది. నేను మాటకు ముందే ఒక కాలు గడప మీద పెట్టాను.

"చెప్పులమ్మా!" అని లోపలి నుంచి కేక. ఆవిడ చీపురు పట్టుకుని లేచి వచ్చింది. "ఇప్పుడే అలికిన. చెప్పులు బయట ఇడిచి రా. గిటు పక్క నుంచి రా, ముగ్గు తొక్కకు."

ఆ గొంతు అచ్చం నా గొంతులాగే ఉంది. చెప్పులు బయట వదిలాను. గోడ పక్క నుంచి ఒద్దికగా నడిచి, ఆవిడ చూపించిన చాప మీద కూర్చున్నాను.